బొమ్మా బొరుసూ: జార్ల పట్టాభిషేక పతకాలపై మీ ప్రశ్నలు

ఆ మధ్య ఈ పేజీలో నిజాం కాలపు బంగారు నాణేలైన అష్రఫీల గురించి రాస్తూ, చివర్లో రష్యా చక్రవర్తులు తమ పట్టాభిషేకాలకు కొట్టించిన బంగారు పతకాల గురించి ఒక చిన్న పేరా చేర్చాను. అష్రఫీల గురించి ఒక్కరూ అడగలేదు. ఉత్తరాలన్నీ ఆ పేరా మీదే వచ్చాయి. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను బ్యాంకులో నగల అప్రైజర్‌గా చేసి రిటైరయ్యాను. మా నాన్న చార్‌కమాన్ వెనక గల్లీలో అవుసుల పని చేసేవారు. అందుకని బంగారం విషయంలో నా అభిప్రాయాలు కాస్త మొండిగానే ఉంటాయి. నచ్చకపోతే మళ్లీ ఉత్తరం రాయండి.

మా పెదనాన్నగారు 1970ల్లో మాస్కోలో చదువుకున్నారు. ఆయన ట్రంకు పెట్టెలో పచ్చగా మెరిసే పెద్ద బిళ్ళ ఒకటి దొరికింది. ఒకవైపు రాజు, రాణి తలలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెండోవైపు 1896 అని ఉంది. బంగారమేనా? తెలిసిన షాపులో గీటు పెట్టించమంటారా? – ఒక పాఠకుడు, తార్నాక

గీటు మాత్రం పెట్టించకండి. గీటురాయి మీద రుద్దితే అంచు దగ్గర చిన్న చదును పడుతుంది. నగకైతే ఫరవాలేదు, పతకానికి అది మానని గాయం. మా పరిచయస్తుడొకరు తన పతకాన్ని ఒక దుకాణంలో చూపిస్తే, అక్కడి కుర్రాడు అడక్కుండానే ఆకురాయితో అంచు గీకి చూశాడు. అసలు వస్తువేనని తేలింది. ఆ గీత వల్ల ధర ఎంత పడిపోయిందో తర్వాత అమ్మబోయినప్పుడు తెలిసింది.

మీరు చెప్పిన తలలు రెండో నికోలస్‌వీ, ఆయన భార్య అలెగ్జాండ్రావీ అయి ఉండాలి. చివరి జార్ ఆయనే. ఆ పతకాన్ని చెక్కినవాడు అంతోన్ వాస్యుతిన్‌స్కీ. విప్లవం తర్వాత సోవియట్ ప్రభుత్వం 1923లో కొట్టించిన బంగారు చెర్వొనెత్స్ మీద విత్తనాలు చల్లే రైతు బొమ్మ ఉంటుంది, దాని అచ్చు కూడా ఈయన పనే. రాజు తల చెక్కిన చేయి, ఆ రాజ్యాన్ని కూల్చినవాళ్ల నాణెమూ చెక్కింది. పనివాడికి పని కావాలి కదా.

ఈ పతకాన్ని బంగారంలోనూ వెండిలోనూ కంచులోనూ కొట్టారు. కంచువే ఎక్కువ. కంచుకు బంగారు పూత పూసినవీ తిరుగుతుంటాయి. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్రాములో పదో వంతు చూపించే డిజిటల్ కాటా ఒకటి తెచ్చుకోండి. ముందు పతకాన్ని బరువు చూసి రాసుకోండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. పతకాన్ని మెత్తటి దారానికి కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో మునిగేలా పట్టుకోండి. కాటా ఇప్పుడు చూపించేది పతకం పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగించండి. మేలిమి బంగారమైతే 19.3 వస్తుంది. వందకు తొంభై పాళ్ల బంగారమైతే 17 దాటుతుంది. కంచుకు తొమ్మిదిలోపే. అంటే వంద గ్రాముల కంచు పదకొండు గ్రాములకు పైగా నీటిని నెడితే, అదే బరువు మేలిమి బంగారం అయిదు గ్రాముల చిల్లర నెడుతుంది. ఇంత తేడాలో పొరపాటు పడటం కష్టం. షాపుల్లో ఉండే క్యారెట్ మీటర్ పైపొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే ‘బంగారమే’ అనేస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

నా అంచనా అడిగితే, మీది పూత పూసిన కంచు కావచ్చు, లేదా తర్వాతి కాలపు నకలు కావచ్చు. విప్లవానికి ముందరి బంగారాన్ని ఒక విద్యార్థి సూట్‌కేసులో పెట్టుకుని బయటికి తేవడం సోవియట్ కస్టమ్స్ ఒప్పుకునే పని కాదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. 1918 వరకు రష్యన్‌లో హల్లుతో ముగిసే మాటల చివర Ъ అనే అక్షరం రాసేవారు. ఇంగ్లీషు చిన్న బి లాగే ఉండి, తల దగ్గర ఎడమకు చిన్న కొమ్ము ఉంటుంది. మీ బిళ్ళ మీద మాటల చివర అది ఎక్కడా లేకపోతే, ఇక నీళ్ల గ్లాసు కూడా అక్కర్లేదు.

ఈ పతకాలు ఎవరికి ఇచ్చేవారు? బంగారంవి అంత అరుదుగా ఎందుకు దొరుకుతాయి? – రిటైర్డ్ టీచర్, ఉప్పల్

మాస్టారూ, ఈ ఉత్తరానికే నేను ఎదురుచూస్తున్నాను.

కథ 1724తో మొదలవుతుంది. పీటర్ ది గ్రేట్ 1721లో చక్రవర్తి బిరుదు తీసుకున్నాడు గానీ, ఆ హోదాలో తనకు పట్టాభిషేకం చేసుకోలేదు. భార్య కేథరిన్‌కు మాత్రం 1724 మే 7న మాస్కో క్రెమ్లిన్‌లోని ఉస్పెన్‌స్కీ కెథెడ్రల్‌లో చేయించాడు. కిరీటం ఆమె తల మీద పెట్టింది బిషప్ కాదు, పీటరే. ఆ సందర్భంగా కొట్టిన పతకం మీద ఒకవైపు భార్యాభర్తల ముఖాలు, రెండోవైపు ఆ కిరీటం పెట్టే దృశ్యమే ఉంటాయి. తర్వాతి ఏడాది మొదట్లోనే పీటర్ చనిపోయాడు, ఆమె గద్దెనెక్కింది. పతకం మీది బొమ్మ ఆమెకు వారసత్వ పత్రంలా పనికొచ్చిందని నా ఉద్దేశం.

అప్పటి నుంచి ఇది ఆనవాయితీ అయింది. రాజధాని పీటర్స్‌బర్గ్‌కు వెళ్లిపోయినా పట్టాభిషేకం మాత్రం మాస్కోలోనే. పెద్ద పతకాలను దర్జా ప్రకారం పంచేవారు. బంగారం రాజకుటుంబానికి, విదేశీ రాయబారులకు, పెద్ద మతగురువులకు, అగ్రస్థాయి అధికారులకు. తర్వాతి మెట్టుకు వెండి. ఇవి కాక ‘జెటోన్’ అనే చిన్న బిళ్ళలు ఉండేవి. మన పెళ్లి ఊరేగింపుల్లో చిల్లర చల్లినట్టు వాటిని జనం మీదికి విసిరేవారు. వాటిల్లోనూ బంగారంవి కొన్ని, వెండివి ఎక్కువ. 1801లో మొదటి అలెగ్జాండర్ జెటోన్ మీద ఒక స్తంభం, దాని మీద ‘చట్టం’ అనే మాట, పైన కిరీటం, చుట్టూ ‘అందరి, ఒక్కొక్కరి సౌఖ్యానికి హామీ’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటాయి. తండ్రి పాల్‌ను కుట్రదారులు పడకగదిలో చంపిన ఏడాదే ఈ మాట! అందుకే నాకు ఆ చిన్న బిళ్ళంటే పెద్ద పతకాలకంటే ఇష్టం.

ఇక అరుదు సంగతి. బంగారంవి మొదటే తక్కువ కొట్టారు, అది ఒక కారణం. అసలు కారణం అవి బంగారం కావడం. కంచు పతకాన్ని కరిగించి ఎవరూ బాగుపడరు, కాబట్టి అది మిగులుతుంది. బంగారు పతకం ప్రతి తరంలోనూ ఒక కష్టకాలం దాటాలి. 1917 తర్వాత అది చేతిలో ఉండటమే ప్రమాదమైంది. 1931 నుంచి 1936 దాకా సోవియట్ ప్రభుత్వం ‘తోర్గ్‌సిన్’ అనే దుకాణాలు నడిపింది. ఇంట్లోని బంగారం, వెండి ఇస్తే పిండి, పంచదార, నూనె ఇచ్చేవారు. 1932–33 కరువులో జనం ఉంగరాలు, మెడలో శిలువలు, తాతల పతకాలు తీసుకెళ్లి ఇచ్చారు. అక్కడ లెక్క బరువుకే. ఎవరి తల ఉందో, ఎవరు చెక్కారో కాటాకు అనవసరం. ఆకలితో ఉన్నవాణ్ణి నేను తప్పుపట్టను. నేను కూర్చున్న బ్యాంకు కౌంటర్‌కూ కాసులపేర్లు అలాగే వచ్చేవి, వాటినీ బరువుకే లెక్కగట్టేవాణ్ణి, రూల్ అది. పతకం విషయంలో మాత్రం ఆ లెక్క పనికిరాదు. నేటి గ్రాము రేటుతో గుణించి ‘ఇంతే కదా’ అనేవాళ్లు దాని మీద చేయి వేయకపోవడం మంచిది.

దాచుకున్నవాళ్ల కథలూ సుఖంగా లేవు. రష్యన్ నాణేల మీద అధికారికంగా పెద్ద గ్రంథాలు వెలువరించినవాడు గ్రాండ్ డ్యూక్ గియోర్గి మిఖైలొవిచ్, రాజకుటుంబీకుడు. జీవితమంతా నాణేలు, పతకాలు పోగేశాడు. 1919 జనవరిలో బోల్షెవిక్‌లు ఆయన్ని పీటర్స్‌బర్గ్‌లోని పీటర్-పాల్ కోటలో కాల్చి చంపారు. ఆయన పోగేసిన వాటిల్లో ఎన్నో తయారైన టంకశాల కూడా ఆ కోట గోడల మధ్యే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. ఆయన సేకరణలో పెద్ద భాగం దేశాలు దాటి అమెరికాలో డ్యుపాంట్ కుటుంబీకుడి చేతికి వచ్చింది. 1967లో ఫ్లోరిడాలోని ఆ ఇంట్లో సాయుధ దోపిడీ జరిగి చాలా నాణేలు పోయాయి. దొరికినవీ మిగిలినవీ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

శాతవాహనుల నాణేలు, కాకతీయుల వరాహాలు మనకుండగా ఎక్కడో రష్యా రాజుల బంగారం గురించి తెలుగు పత్రికలో రాయడం అవసరమా? – ఒక పాఠకుడు, అంబర్‌పేట

అవసరమా అంటే, ఈ పేజీయే అంత అవసరం కాదు. కానీ ఒక చిన్న సంగతి వినండి. 1883లో మూడో అలెగ్జాండర్ పట్టాభిషేకానికి విడుదల చేసిన వెండి రూబుల్ మీద కిరీటం, రాజదండం, గోళం ఉంటాయి. ఆ రాజదండం తలలో నిజంగా బిగించి ఉన్నది ఓర్లోవ్ వజ్రం, దాదాపు 190 క్యారెట్లు. కౌంట్ గ్రిగొరీ ఓర్లోవ్ రెండో కేథరిన్‌కు సమర్పించుకున్నాడు కాబట్టి ఆ పేరు. అది గోల్కొండ గనులదని వజ్రాల చరిత్ర రాసేవాళ్లంతా చెప్పే మాట. గోల్కొండ గనులంటే కోటలో తవ్వినవి కావని మీకు తెలుసు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్లవి. శ్రీరంగం రంగనాథుడి విగ్రహం కంటిలోంచి ఒక ఫ్రెంచి సిపాయి దొంగిలించాడన్న కథ కూడా ఉంది, దాన్ని కథగానే వినండి. ఏమైనా, మాస్కోలో ఒక చక్రవర్తి చేతిలో పట్టుకున్న రాయి మన కృష్ణ ఒండ్రులోంచి వెళ్లిందంటే నాకు ఆ రూబుల్ పరాయిదిగా అనిపించదు. శాతవాహనుల గురించి తప్పకుండా రాస్తాను. మీరే ఒక ప్రశ్న పంపండి.

ఒక కేటలాగ్‌లో నికోలస్ పట్టాభిషేకం మే 14 అనీ, మరో చోట మే 26 అనీ ఉంది. బరువు కూడా ‘జొలొత్నిక్’లలో ఇచ్చారు. – ఒక పాఠకురాలు, పద్మారావునగర్

రెండు తేదీలూ ఒకే రోజు. రష్యా 1918 వరకు పాత జూలియన్ కేలండర్‌నే వాడింది. పందొమ్మిదో శతాబ్దపు తేదీకి పన్నెండు రోజులు కలపండి, పద్దెనిమిదో శతాబ్దానికైతే పదకొండు. పతకం మీద ఎప్పుడూ పాత తేదీయే ఉంటుంది. ‘26 మే’ అని చెక్కిన 1896 పతకం ఎవరైనా చూపిస్తే టీ తాగి వచ్చేయండి.

జొలొత్నిక్ అంటే 4.266 గ్రాములు. వాళ్ల మేలిమి లెక్క కూడా దాంతోనే: 96 అంటే స్వచ్ఛం, వెండి వస్తువుల మీద కనిపించే 84 అంటే వెయ్యికి 875, బంగారు నగల మీద ఉండే 56 అంటే 583. ఇప్పుడు హైదరాబాద్‌లో తులం అంటే పది గ్రాములు, మా నాన్న తులం 11.66 గ్రాములు. పాత లెక్కలు ఎక్కడైనా ఇంతే.

ఆన్‌లైన్ వేలంలో ‘మూడో పీటర్ పట్టాభిషేక బంగారు పతకం, 1762’ అని ఒకటి వచ్చింది. ధర నాకు అందేలాగే ఉంది. మూడు రోజుల్లో క్లోజ్ అవుతుంది, ఒకటే టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా? విదేశం నుంచి తెప్పించుకోవడం ఎలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నల్లగండ్ల

టెన్షన్ తీసేయండి, అది క్లోజ్ అయిపోనివ్వండి. మూడో పీటర్‌కు పట్టాభిషేకమే జరగలేదు. 1762 జూన్ 28న భార్య కేథరిన్ అతన్ని దించేసింది, కొద్ది రోజుల్లో చనిపోయాడు. ఆమె మూడు నెలలైనా ఆగకుండా సెప్టెంబరు 22న మాస్కోలో కిరీటం పెట్టుకుంది. జెరెమీ పోజియే అనే నగల పనివాడు ఆమె కోసం చేసిన ఆ కిరీటంలో 4,936 వజ్రాలున్నాయి. అదే కిరీటం 1896 దాకా పట్టాభిషేకాలకు వాడారు. కాబట్టి 1762 తేదీతో అసలైన పట్టాభిషేక పతకమంటే కేథరిన్‌దే. ఇంకో వింత: కొడుకు పాల్ 1796లో గద్దెనెక్కగానే తండ్రి సమాధి తవ్వించి, శవపేటికకు కిరీటం పెట్టించాడు. మీ అమ్మకందారు ఆ సంగతి చెప్పి వాదించవచ్చు, జాగ్రత్త.

పట్టాభిషేకాలు జరిగిన సంవత్సరాలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి: 1724 మొదటి కేథరిన్, 1728 రెండో పీటర్, 1730 ఆన్నా, 1742 ఎలిజబెత్, 1762 రెండో కేథరిన్, 1797 పాల్, 1801 మొదటి అలెగ్జాండర్, 1826 మొదటి నికోలస్, 1856 రెండో అలెగ్జాండర్, 1883 మూడో అలెగ్జాండర్, 1896 రెండో నికోలస్. మొదటి నికోలస్‌కు 1829లో వార్సాలో పోలండ్ రాజుగా ఇంకొకటి జరిగింది. పసితనంలోనే దించేసిన ఆరో ఇవాన్‌కు జరగలేదు. ఈ లెక్కలో లేని పేరుతో పట్టాభిషేక పతకం కనిపిస్తే ఇక ఫొటోలు జూమ్ చేయనక్కర్లేదు.

అసలైనది కొనాలనుకుంటే, పేరున్న వేలం సంస్థలో, దియాకొవ్ కేటలాగ్ నంబర్ ఇచ్చిన దాన్నే చూడండి. రష్యన్ పతకాలకు ప్రపంచమంతా వాడే నంబర్లు అవే. పాట ఆగిన ధరకే వస్తుందనుకోకండి. దాని మీద వేలం సంస్థ కమిషన్, ఇన్సూరెన్స్, రవాణా, ఇక్కడ సుంకం పడతాయి. విదేశీ కరెన్సీ పంపడానికి రిజర్వ్ బ్యాంక్ ఒక వ్యక్తికి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి పెట్టింది. మీ గొడవ అంత దూరం పోదనుకుంటాను. కస్టమ్స్‌లో మాత్రం దీన్ని సేకరణ వస్తువుగా చూస్తారా, మామూలు బంగారంగా చూస్తారా అన్నదే ప్రశ్న. కొన్నాక కాదు, కొనకముందే ఒక కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడి, రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎవరో ఫ్రెండ్ జేబులో వేసుకుని శంషాబాద్‌లో దిగుతాడన్న ప్లాన్ ఉంటే నాకు చెప్పకండి. రష్యా నుంచి నేరుగా తెప్పించే ఆలోచన కూడా మానుకోండి. పాత సాంస్కృతిక వస్తువులు దేశం దాటాలంటే అక్కడ అనుమతి కావాలి.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. వందేళ్లు దాటిన నాణేలు, కళావస్తువులు మన 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. మామూలు మనిషి వాటిని మళ్లీ దేశం బయటికి పంపి అమ్ముకోలేడు. ‘రేటు పెరిగాక లండన్‌లో అమ్ముతా’ అన్న లెక్కతో కొనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. నా మాటగా చెప్పాలంటే, పెట్టుబడి కోసమైతే వద్దు. అంత డబ్బుకు మేలిమి బంగారమే కొనుక్కోండి, నిద్ర పడుతుంది.

నా దగ్గర 1724 కేథరిన్ కంచు పతకం ఉంది. ఒక డీలర్ ‘నొవొదెల్’ అని పెదవి విరిచాడు. అంటే దొంగదా? – ఒక పాఠకుడు, సైదాబాద్

దొంగది కాదు, ఆలస్యంగా పుట్టింది. పీటర్స్‌బర్గ్ టంకశాలే పాత పతకాలను సేకర్తల కోసం మళ్లీ కొట్టి అమ్మేది. పందొమ్మిదో శతాబ్దంలో ఇది బాగా సాగింది. పాత అచ్చు బాగుంటే దాంతోనే కొట్టారు. పగిలిపోయి ఉంటే కొత్తగా చెక్కి కొట్టారు. టంకశాల సొంతంగా కొట్టినదాన్ని దొంగదనడం నాకు నచ్చదు. అలాగని 1724లో పీటర్ చేతి మీదుగా వెళ్లినదాని ధర దీనికి పెట్టడమూ కుదరదు.

ఎలా పోల్చుకోవాలి? అంచు చూడండి. తొలినాటివి కొంచెం వంకరగా, మందం అన్నిచోట్లా ఒకేలా లేకుండా ఉంటాయి. తర్వాతివి యంత్రంలోంచి వచ్చినట్టు తిన్నగా, రంగు ఒకే మాదిరి చాక్లెట్ గోధుమగా ఉంటాయి. అక్షరాల ఆకారాన్ని కేటలాగ్ బొమ్మతో ఒక్కొక్కటే పోల్చండి. కొత్తగా చెక్కిన అచ్చులో జుట్టు పాయల దగ్గర తేడా బయటపడుతుంది. నిజంగా దొంగవి పోత పోసినవి. వాటి మీద సూది మొనంత గుంటలుంటాయి, అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తబడి ఉంటాయి, పక్క అంచున అతుకు గీత కనిపిస్తుంది, లేదా దాన్ని ఆకురాయితో తీసిన గుర్తులుంటాయి.

అచ్చు కొట్టడమంటే ఏమిటో కళ్లతో చూడాలనుకుంటే సైఫాబాద్ వెళ్లండి. 1903లో నిజాం సర్కారు కట్టిన టంకశాల అది. నాణేల పని 1997లో చర్లపల్లికి మారిపోయింది, 2022లో పాత భవనంలో మ్యూజియం తెరిచారు. ఆ పాత యంత్రాల ముందు కాసేపు నిలబడితే, పోతకూ కొట్టుడుకూ తేడా మీకు నేను వివరించనక్కర్లేదు. మీ నొవొదెల్ విషయానికొస్తే, డీలర్ పెదవి విరుపు బేరం కోసం. ధర సబబైతే ఉంచుకోండి. నా పెట్టెలోనూ అలాంటివున్నాయి, వాటిని చూసి నేనేం సిగ్గుపడను.

మా వారు ఒక పాత రష్యన్ పతకం కొన్నారు. నల్లగా ఉంది. చింతపండుతో తోమనా, పీతాంబరితోనా? తర్వాత పైన కొంకి పెట్టించి గొలుసులో వేసుకుందామనుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

అమ్మా, రెండూ వద్దు, మూడోదీ వద్దు! ఆ నలుపు వందేళ్లలో పట్టిన రంగు, కొనేవాడు డబ్బు ఇచ్చేది దానికి కూడా. చింతపండు పులుపు అయిదు నిమిషాల్లో దాన్ని లాగేస్తుంది. టంకం పడిందా, వెలలో సగానికి పైగా పోయినట్టే. ప్లాస్టిక్ కవర్లలో మెత్తగా వాసన వచ్చే పీవీసీ రకం వాడకండి, కంచుకు పచ్చ జిగురు పడుతుంది. వానాకాలంలో డబ్బాలో ఒక సిలికా జెల్ సంచి వేయండి. మెడలోకి గొలుసు మీ వారితోనే విడిగా కొనిపించండి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం. పాకెట్ మనీ తప్ప ఏమీ లేదు. ఈ సేకరణ నాలాంటివాళ్లకు సాధ్యమేనా? – ఒక విద్యార్థి, కోఠి

బంగారంతో కాదు, ఇప్పుడే కాదు. కానీ చదవడానికి డబ్బులక్కర్లేదు. వేలం సంస్థలు ప్రతి వస్తువుకూ రెండు వైపుల ఫొటోలు, బరువు, వ్యాసం ఉచితంగా పెడతాయి. రోజూ ఒక్క పతకం తీసుకుని, ఎవరిది, ఏ ఏడు, ఎవరు చెక్కారు అని నోటుబుక్‌లో రాయి.

కొనే రోజు వస్తే 1896 వెండి స్మారక పతకంతో మొదలుపెట్టు. 28 మిల్లీమీటర్లు, ముందు నికోలస్ తల, వెనక ‘మాస్కోలో పట్టాభిషిక్తుడు, 14 మే 1896’ అని ఉంటుంది. సెయింట్ ఆండ్రూ నీలి రిబ్బన్‌తో గుండె మీద వేలాడదీసుకునేవారు. ఉత్సవంలో పాల్గొన్నవాళ్లకు పెద్ద సంఖ్యలో ఇచ్చారు కాబట్టి దొరుకుతుంది. దాని తర్వాత పట్టాభిషేక రూబుళ్లు. 1883ది 2,79,143, 1896ది 1,90,845 కొట్టారు. 1896దే తక్కువ, దానికే నకళ్లూ ఎక్కువ. అసలుది 20 గ్రాములు, అంతకు అర గ్రాము తేడా వచ్చినా వద్దు.

అదే పట్టాభిషేకానికి ఇంకో వస్తువుంది. ఎనామెల్ కప్పు, దాని మీద రాజముద్ర, 1896. మే 18న మాస్కో శివారు ఖొదీన్కా మైదానంలో ఈ కప్పు, ఒక రుమాలు, బన్ను, సాసేజ్, మిఠాయిలు మూటగట్టి జనానికి పంచుతామని ప్రకటించారు. లక్షల మంది రాత్రికే చేరారు. తెల్లవారుజామున తొక్కిసలాట జరిగి, అధికారిక లెక్క ప్రకారమే 1,389 మంది చనిపోయారు. ఆ రాత్రి చక్రవర్తి ఫ్రెంచి రాయబారి ఇచ్చిన బాల్ డాన్స్‌కు వెళ్లాడు. ఆ పట్టాభిషేకం గురించి ఏ బంగారు పతకమూ చెప్పని సంగతి ఈ రేకు కప్పు చెబుతుంది. నాకు రెండింటిలో ఒకటే ఇస్తామంటే కప్పే తీసుకుంటాను. నకళ్లు దీనికీ ఉన్నాయి సుమా.

ఇంకా దగ్గర్లో కావాలంటే మన ఢిల్లీ దర్బారు పతకాలు చూడు. పద్ధతి అదే: సంస్థానాధీశులకు, పెద్ద అధికారులకు బంగారం, మిగతావాళ్లకు వెండి. 1903 దర్బారుకు 140 బంగారు, 2,567 వెండి పతకాలు కొట్టారు. ఆ దర్బారుకు మన మహబూబ్ అలీ పాషా కూడా వెళ్లారు. రాజులు ఎక్కడైనా బంగారంతో ఎవరి స్థానం ఎక్కడో చెప్పేవారన్న సంగతి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఒక మధ్యాహ్నం గడిపినా తెలుస్తుంది. అక్కడ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలున్నాయి. నీ కాలేజీ నుంచి ఆటో చార్జీ కూడా పెద్దగా కాదు.

*ప్రశ్నలు పంపేవారు పతకాన్ని పోస్టులో పంపకండి. రెండు వైపులా, అంచుకూ ఒక్కో ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీసి, బరువు రాసి పంపండి. ధర మాత్రం అడగొద్దు, ఈ పేజీలో చెప్పను.*